పార్టీకో రేటు, నెల ఉద్దర: హోల్‌సేల్‌ని ఆన్‌లైన్‌లో పెట్టేదెలా?

ఈసారి శీర్షికకి వచ్చిన మెయిల్స్‌లో ఎక్కువ హోల్‌సేల్ వాళ్ళవే. ఇంటికి కొనుక్కునే మనిషికి కాకుండా షాపు నడిపేవాడికో కంపెనీకో సరుకు అమ్మేవాళ్ళు, అదే బీటూబీ అంటున్నాం కదా, వాళ్ళంతా ఏ ప్లాట్‌ఫాం మీద, అంటే ఆన్‌లైన్ షాపు కట్టుకునే ఏ రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీద సైట్ పెట్టుకోవాలని అడుగుతున్నారు. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి జరిపి ఇవే తీసుకున్నా. ఊళ్ళ పేర్లు ఉంచి మనుషుల పేర్లు తీసేశాం.

ప్రశ్న: నమస్తే సార్. విజయవాడ ఆటోనగర్‌లో మాది ఆటోమొబైల్ స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్, నాన్నగారు పెట్టిన షాపు. గుంటూరు, ఏలూరు, ఖమ్మం వైపు నాలుగొందల దాకా రిటైల్ షాపులు, మెకానిక్‌లు మా దగ్గర తీసుకుంటారు. ఆర్డర్లన్నీ ఫోన్లో, వాట్సాప్‌లో. తమ్ముడు షాపిఫై అంటాడు, తెలిసిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు వూకామర్స్ అంటాడు, ఇంకొకాయన పెద్ద వ్యాపారానికి మెజెంటో అయితేనే ఆగుతుంది అన్నాడు. అకౌంట్స్ టాలీలో. రెండు లక్షల దాకా పెట్టగలం. ఏది తీసుకోమంటారు?

జవాబు: మూడు పేర్లు రాశారు, బడ్జెట్ రాశారు, కానీ నాకు కావాల్సిన ముక్క రాయలేదండీ, మీ రేట్లు పార్టీ పార్టీకీ ఎలా మారతాయో. అందరికీ ఒకటే రేటు అని మాత్రం అనకండి, ఆటోనగర్‌లో అలా ఎవరూ అమ్మరు. ఖమ్మం పార్టీకి ఎంఆర్‌పీ మీద ఒక డిస్కౌంట్, పక్క రోడ్డులో మెకానిక్‌కి ఇంకొకటి, బ్రేక్ షూల మీద ఇరవై శాతం వదిలితే బేరింగుల మీద ఎనిమిది దాటరు, రొక్కం ఇస్తే ఇంకో రెండు, మధ్యలో కంపెనీ స్కీమ్ వచ్చిందంటే అదొక లెక్క. ఇదంతా ఇప్పుడు ఎక్కడుంది? నాన్నగారి బుర్రలో, లేదంటే గుమస్తా నోటుబుక్కులో. అది బయటికి తీయకుండా ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా కొన్నాళ్ళకి మళ్ళీ ఫోన్లోనే ఆర్డర్లు రాసుకుంటూ కూర్చుంటారు.

కాబట్టి ముందు ఒక పని చేయండి, రూపాయి ఖర్చు లేదు. టాలీలోంచి పెద్ద పార్టీలు ఓ ఇరవై మందివి గత మూడు నెలల బిల్లులు ఎక్సెల్‌లోకి తీసి, బ్రాండు వారీగా ఎవరికెంత డిస్కౌంట్ పడిందో పక్కపక్కన పెట్టి చూడండి. స్టాకిస్టు, రిటైల్ షాపు, మెకానిక్, రొక్కం పార్టీ, ఇలా నాలుగైదు తరగతుల్లో అందరూ ఇమిడిపోతారా? ఇమిడితే మీ పని సగం అయిపోయినట్టే, వూకామర్స్‌కి హోల్‌సేల్ ధరల ప్లగిన్, అంటే దానికి అదనంగా జోడించే చిన్న సాఫ్ట్‌వేర్, ఒకటి తగిలిస్తే చాలు, లాగిన్ అయినవాడికి వాడి తరగతి రేటు కనిపిస్తుంది, లాగిన్ కానివాడికి అసలు రేటే కనిపించదు. లేదండీ, ప్రతి పార్టీకీ ప్రతి బ్రాండుకీ వేరే రేటే అంటారా, అప్పుడు నాలుగొందల పార్టీలు, వేల ఐటెమ్‌లు, ఆ ప్లగిన్ మోయలేదు. రేట్ల పట్టికలే ముఖ్యంగా పెట్టుకుని కట్టిన సాఫ్ట్‌వేర్ కావాలి, ఓడూ, ఈఆర్‌పీనెక్స్ట్, జోహో లాంటివి.

రెండోది ఉద్దర. మామూలు ఆన్‌లైన్ షాపు ఎలా కట్టారంటే ముందు డబ్బు, తర్వాత సరుకు. మీ దగ్గర ముందు సరుకు, డబ్బు నెలకో నెలన్నరకో, అదీ మీ కలెక్షన్ కుర్రాడు రెండుసార్లు తిరిగితే. అందుకని సైట్‌లో చివరి పేజీలో కార్డు, యూపీఐ కాకుండా "నా ఖాతాలో రాయండి" అనే బటన్ ఉండాలి, దాని వెనక ప్రతి పార్టీకీ ఒక లిమిట్ ఉండాలి, మూడు నెలల పాత బాకీ ఉన్నవాడు ఆర్డర్ కొడితే అది నేరుగా గోడౌన్‌కి పోకుండా మీ ఫోన్‌కి రావాలి, మీరు సరే అంటేనే ముందుకి కదలాలి. డెమో చూపించే వాళ్ళు ఫోటోలు తిప్పి చూపిస్తారు, రంగులు మార్చి చూపిస్తారు. మీరు మాత్రం "బాకీ ఉన్న పార్టీ ఆర్డర్ పెడితే ఏమవుతుందో ఇప్పుడే చూపించు" అనండి, అక్కడే సగం మంది ఆగిపోతారు.

పేమెంట్ గేట్‌వే, అంటే సైట్‌లో కట్టిన డబ్బు మీ ఖాతాకి చేర్చే సర్వీసు, దాని గురించి కూడా చెప్పేస్తా. మూడు లక్షల ఆర్డర్‌కి కార్డు మీద 2 శాతం గేట్‌వే చార్జీ అనుకుంటే 6,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,080. ఆ జీఎస్టీ ఇన్‌పుట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గి, వెనక్కి వస్తుంది సరే, ఆరు వేలు రావు కదా. ఆ ఆర్డర్ మీద మీకు మిగిలేదే 6 శాతం, 18,000 అయితే అందులో మూడో వంతు గేట్‌వేకి పోయింది. పెద్ద మొత్తాలకి బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే ఆర్టీజీఎస్, ఎన్‌ఈఎఫ్‌టీ పెట్టుకోండి, 2020 డిసెంబర్ నుంచి ఆర్టీజీఎస్ కూడా ఇరవైనాలుగు గంటలూ నడుస్తోంది, ఆదివారం రాత్రి అయినా పంపొచ్చు. చిన్నవాటికి యూపీఐ చాలు.

ఇక సెర్చ్. ఇది చాలామంది పట్టించుకోరు గానీ స్పేర్ పార్ట్స్‌లో సైట్ బతికేదీ చచ్చేదీ ఇక్కడే. ఏలూరు షాపులో కూర్చున్న కుర్రాడు కంపెనీ కేటలాగ్‌లో ఉన్న పేరుతో వెతకడు. పాత డబ్బా మీద పార్ట్ నంబర్ చూసి కొడతాడు, అందులో చివరి రెండంకెలు చెరిగిపోయి ఉంటాయి. లేదంటే "బొలెరో పాత మోడల్ క్లచ్ ప్లేట్" అని కొడతాడు. సగం నంబర్ కొట్టినా ఐటెమ్ రావాలి, మీ కౌంటర్లో నోటితో పిలిచే పేరు కొట్టినా రావాలి. అంటే ప్రతి ఐటెమ్‌కీ పార్ట్ నంబర్, బండి మోడల్, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా సరిపోతుంది, వాడుక పేరు ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని ఎక్కించాలి. ఆ పని సాఫ్ట్‌వేర్ కుర్రాడు చేయలేడు, మీ కౌంటర్లో పదేళ్ళు నిలబడ్డవాడే చేయాలి, వాడికి ఆ రెండు నెలలు వేరే పని చెప్పకండి. అన్నీ ఒకేసారి వద్దు, ఎక్కువ కదిలే ఐటెమ్‌లు ఐదొందలతో మొదలుపెట్టండి.

ఇంకొకటి, మీకు వాట్సాప్‌లో వచ్చే వాయిస్ మెసేజ్‌లు ఒకసారి వినండి. "అన్నా, మొన్న తీసుకున్నవే ఇంకో రెండు డజన్లు వెయ్యి, పాత రేటే కదా, సాయంత్రం బండికి పడెయ్" అని ఉంటుంది. ఈ ఒక్క మాటకి సైట్‌లో జవాబు ఉందా? పాత ఆర్డర్ తెరిచి, అంకె మార్చి, ఒక్క నొక్కుతో మళ్ళీ పెట్టగలగాలి. ఫోన్ చేయడం కన్నా సైట్‌లో ఆర్డర్ పెట్టడానికి ఎక్కువసేపు పడితే ఎవడూ పెట్టడు, వాళ్ళ తప్పు కాదు అది. ఇంకో సంగతి, వాట్సాప్ బిజినెస్ కేటలాగ్‌తోనే సరిపెట్టుకుందాం అనుకుంటారేమో, అందులో 500 ఐటెమ్‌లే పడతాయి, మీకు సరిపోదు. అలాగని వాట్సాప్‌ని మూసేయకండి, ఫోన్లో చెప్పే పార్టీలు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళ తరఫున మీ సేల్స్‌మ్యానే సైట్‌లో ఆర్డర్ ఎక్కించే వీలు ఉండాలి, అప్పుడే అన్ని ఆర్డర్లూ ఒకచోట పడతాయి.

టాలీ విషయం. టాలీకి ఏదైనా కలపొచ్చు, అది బయటి సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడుతుంది, కాకపోతే మీ టాలీ ఉన్నది షాపులో కంప్యూటర్లో. రాత్రి షట్టర్ వేసి మెయిన్ ఆపేసి వెళ్ళిపోతే అది కూడా పడుకుంటుంది, పొద్దున్న మీరు వచ్చే దాకా సైట్‌లో నిన్నటి స్టాకే కనిపిస్తుంది. అది పర్వాలేదు, దాచకుండా "స్టాక్ నిన్న రాత్రి లెక్క" అని రాసేయండి. కానీ రేటు మార్చేది మాత్రం ఒక్కచోటే ఉండాలి, టాలీలో అయినా సైట్‌లో అయినా. రెండుచోట్ల మార్చుకునే పద్ధతి పెట్టుకున్నారంటే పార్టీ స్క్రీన్‌షాట్ తీసి మీ మొహాన పెడతాడు.

బిల్లు కూడా సైట్ నుంచి కొట్టకండి. మీ టర్నోవర్ 5 కోట్లు దాటి ఉంటే 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్‌వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసిన బిల్లు తప్పనిసరి, పైగా సరుకు విలువ 50,000 దాటితే రవాణాకి ఈ-వే బిల్లు, ఇవి టాలీలోంచి ఎలాగూ వస్తున్నాయి. సైట్ ఆర్డర్ తీసుకుంటే చాలు, గోడౌన్‌లో సరుకు తీశాక ఉన్నవాటికే బిల్లు టాలీలో పడాలి. ఎందుకంటే పదైదు ఐటెమ్‌లు అడిగితే పదమూడే దొరుకుతాయి, రోజూ జరిగేదే కదా.

ఇప్పుడు మీ మూడు పేర్లు. షాపిఫై తేలిక, తమ్ముడు ఒక్కడే నడపగలడు, కానీ వాళ్ళ సొంత పేమెంట్ సర్వీసు ఇండియాలో లేదు, బయటి గేట్‌వే పెడితే దాని చార్జీ కాక ప్లాన్‌ని బట్టి 2 శాతం దాకా షాపిఫై కూడా తీసుకుంటుంది. బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ మీద ఆ ఫీజు ఉండదు, అయినా పార్టీవారీ రేట్లు, లిమిట్లు మీకు కావాల్సినట్టు రావాలంటే యాప్ మీద యాప్ కొంటూ నెలనెలా డాలర్లలో కట్టుకుంటూ పోవాలి. మెజెంటోని 2018లో అడోబీ కొనేసింది, కంపెనీ ఖాతాలు, కొటేషన్లు, పార్టీకో కేటలాగ్ ఇవన్నీ బ్రహ్మాండంగా ఉన్నది వాళ్ళ డబ్బులు కట్టే వెర్షన్‌లో, ఉచితంగా దొరికే దాంట్లో అవి లేవు, పైగా దానికి మంచి సర్వర్, జీతానికి ఒక డెవలపర్ కావాలి. పాత మెజెంటో 1కి 2020 జూన్‌లో సపోర్ట్ ఆపేస్తే దాని మీద సైట్లు కట్టుకున్న వాళ్ళలో చాలామంది మళ్ళీ మొదటి నుంచి కట్టుకున్నారు. మీ రెండు లక్షలకి అది వద్దు. నా లెక్కలో రేట్లు తరగతుల్లో ఇమిడితే వూకామర్స్, ఇమడకపోతే జోహో గానీ ఓడూ గానీ, అదీ టాలీకి కలిపిన అనుభవం ఉన్న మనిషి దొరికితేనే, ఆ మనిషి ఇదివరకు కలిపిన షాపుకి వెళ్ళి చూసొచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి.

ప్రశ్న: మచిలీపట్నం నుంచి రాస్తున్నానండీ. మేము రోల్డ్ గోల్డ్ నగలు చేయిస్తాం, నేనూ మా ఆయనా చూసుకుంటాం. జీఎస్టీ కాంపోజిషన్‌లో ఉన్నాం. బెంగళూరు, ముంబై హోల్‌సేలర్లకి అమ్మాలని ఉంది. సొంత సైట్ పెట్టుకోవాలా, ఇండియామార్ట్ లాంటి వాటిల్లో చేరాలా?

జవాబు: అమ్మా, సైట్ సంగతి తర్వాత, ముందు మీ ఆడిటర్ దగ్గరికి వెళ్ళండి. కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతిలో, ఉంటే వేరే రాష్ట్రానికి అమ్మడానికి వీల్లేదు. ఇంకో చిక్కు ఏంటంటే మీరు టాక్స్ ఇన్‌వాయిస్ ఇవ్వలేరు, బిల్ ఆఫ్ సప్లై మాత్రమే ఇవ్వగలరు, దాని మీద కొనేవాడికి ఇన్‌పుట్ రాదు. ఇంటికి కొనుక్కునే మనిషికి ఇది పట్టదు, బెంగళూరు హోల్‌సేలర్ మాత్రం మొదటి మాటలోనే జీఎస్టీ బిల్లు ఇస్తారా అని అడుగుతాడు. ఇమిటేషన్ నగల మీద జీఎస్టీ 3 శాతమే, రెగ్యులర్‌లోకి మారితే రిటర్నుల పని పెరుగుతుంది గానీ పై రాష్ట్రాల దారి తెరుచుకుంటుంది.

అది అయ్యాక మీ ప్రశ్న. పైన ఆటోనగర్ వారికి పార్టీలు ఉన్నారు, ఆర్డర్ తీసుకునే చోటు కావాలి. మీకు పార్టీలే కావాలి. ఈ రెండూ వేర్వేరు పనులు, సొంత సైట్ మొదటి పని చేస్తుంది, రెండో పని దానంతటది చేయదు, ఎంత అందంగా కట్టినా ముంబైలో ఉన్నవాడికి మీ సైట్ పేరు ఎవరు చెప్తారు? కాబట్టి మీకైతే ముందు మార్కెట్‌ప్లేస్, అంటే ఇండియామార్ట్ లాగా అమ్మేవాళ్ళనీ కొనేవాళ్ళనీ కలిపే చోటు, సొంత సైట్ తర్వాత.

మార్కెట్‌ప్లేస్‌లలోనూ రెండు రకాలు. ఇండియామార్ట్, ట్రేడ్‌ఇండియా, ఇవి రెండూ 1996 నుంచి ఉన్నవే, ఇవి ముఖ్యంగా ఎంక్వయిరీ తెచ్చి ఇస్తాయి, బేరం, డబ్బు, లారీ అంతా మీరూ వాడూ చూసుకోవాలి. ఉడాన్, అమెజాన్ బిజినెస్ లాంటివి ఆర్డర్, డబ్బు కూడా వాళ్ళ చేతిమీదుగా నడిపిస్తాయి, కమీషన్లు, రిటర్నుల రూల్స్ వాళ్ళవి. నగల్లాంటి డిజైన్ సరుకుకి, రేటు బేరమాడే సరుకుకి ఎంక్వయిరీ పద్ధతే నయం అనిపిస్తుంది నాకు. కాకపోతే అదే ఎంక్వయిరీ మీతో పాటు ఇంకొందరికీ వెళ్తుంది, ముందు ఫోన్ చేసినవాడిదే ఆర్డర్. సాయంత్రం తీరిగ్గా చేద్దాంలే అంటే ఎంక్వయిరీకి కట్టిన డబ్బు దండగ. హిందీలో మాట్లాడే మనిషి ఒకరు ఉండాలి. ఏడాది ప్యాకేజీ ఒకేసారి కట్టమని ఫోన్లు వస్తాయి, ఉచిత లిస్టింగ్‌తో కొన్నాళ్ళు చూసి, వచ్చే ఎంక్వయిరీలు డజన్లు అడిగేవాళ్ళవా, ఒక్క జత అడిగేవాళ్ళవా లెక్క రాసుకుని అప్పుడు కట్టండి.

డిజైన్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, ఇవాళ ఫోటో పెడితే రేపు పక్క వీధిలోనే అచ్చు తీసేస్తారు. అందుకని పాత డిజైన్లు, బాగా నడిచినవి మాత్రం పైకి పెట్టండి, కొత్తవి జీఎస్టీ నంబర్ ఇచ్చిన పార్టీకే వాట్సాప్‌లో పంపండి. ఆ నంబర్‌ని జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి, పేరు, ఊరు, రిజిస్ట్రేషన్ బతికి ఉందా, రిటర్నులు వేస్తున్నాడా అన్నీ ఎవరైనా చూడొచ్చు, లాగిన్ కూడా అక్కర్లేదు. శాంపిల్ ఉచితంగా వద్దు, డబ్బు తీసుకుని మొదటి ఆర్డర్‌లో తగ్గిస్తామని చెప్పండి, ఊరికే శాంపిళ్ళు పోగేసుకునేవాళ్ళు అక్కడే జారుకుంటారు. పేమెంట్ స్క్రీన్‌షాట్‌ని నమ్మకండి, బ్యాంక్ ఖాతాలో పడితేనే పార్సిల్ కట్టండి. మిలిటరీ వాళ్ళమనీ, డబ్బు వేయడానికి ఈ క్యూఆర్ స్కాన్ చేయమనీ ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి, డబ్బు రావడానికి స్కాన్ చేయడం, పిన్ కొట్టడం ఎక్కడా ఉండదు.

ప్రశ్న: సార్, మాది జీడిమెట్లల చిన్న యూనిట్, షీట్ మెటల్ పని, కంట్రోల్ ప్యానెళ్ళ డబ్బాలు చేస్తం. పెద్ద కంపెనీలకు ఇస్తే పైసలు నాలుగు నెలలైనా వస్తలేవు. గవర్నమెంటుకు జెమ్‌ల అమ్ముకుంటే మంచిదంటున్నరు మావోళ్ళు. సొంత వెబ్‌సైట్ కూడా పెడుదామా?

జవాబు: సైట్ మీకు అర్జెంటు కాదు. డ్రాయింగు చూసి చేసే పని మీది, కార్ట్‌లో వేసుకుని కొనేది కాదు. మెషీన్ల ఫోటోలు, ఎంత మందం రేకు వంచగలరు, పౌడర్ కోటింగ్ లోపలే ఉందా, ఇదివరకు చేసిన పనులు, కొటేషన్ అడగడానికి డ్రాయింగ్ అప్‌లోడ్ చేసే ఫారం, ఈ ఐదూ ఉన్న చిన్న సైట్ చాలు, దానికి ఈ-కామర్స్ ప్లాట్‌ఫామే అక్కర్లేదు.

జెమ్, అంటే ప్రభుత్వ కొనుగోళ్ళ పోర్టల్, 2016 ఆగస్టు నుంచి నడుస్తోంది, కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు మామూలుగా దొరికే సరుకు అక్కడే కొనాలి. 2012 పాలసీ ప్రకారం వాళ్ళ కొనుగోళ్ళలో నాలుగో వంతు మైక్రో, స్మాల్ యూనిట్ల నుంచి ఉండాలి, అందుకని ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న యూనిట్‌గా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉండాలి, అది ఉచితం, మధ్యవర్తికి ఏమీ ఇవ్వకండి. కానీ అక్కడ గెలిచేది ఎల్1, అంటే స్పెసిఫికేషన్‌కి సరిపోయిన వాళ్ళలో అందరికన్నా తక్కువ రేటు. మీ పని నీట్‌గా ఉంటుంది అన్నదానికి మార్కులు లేవు. రేకు రేటు పెరిగినా మీరు కోట్ చేసిన రేటుకే ఇవ్వాలి. సరుకు ఒప్పుకున్నట్టు వాళ్ళు సర్టిఫికెట్ ఇచ్చాక 10 రోజుల్లో డబ్బు రావాలని రూలు, ఆ సర్టిఫికెట్ రావడం దగ్గర ఆలస్యం అవుతుంది, కాబట్టి డెలివరీ తేదీ నుంచి కాకుండా దాన్నుంచి లెక్కేసుకుని పెట్టుబడి చూసుకోండి.

అసలు మీ బాధ ప్లాట్‌ఫాం కాదన్నా, ఆగిపోయిన పైసలు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతకోతలు లేకపోతే 15 రోజులు, అగ్రిమెంట్ ఉన్నా 45 రోజులు దాటకూడదు, దాటితే బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఇలాంటి బాకీల తగాదాలు తీర్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది. కస్టమర్ మీద కేసు ఎట్ల వేస్తం అంటారు, నాకు తెలుసు. దానికన్నా మెత్తటి దారి ఉంది, గడువు దాటినా ఆ ఏడాది మార్చి లోపల మీకు కట్టకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోవడానికి ఆ కంపెనీకి కుదరదు, ఈ రూల్ 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతి బిల్లు మీదా మీ ఉద్యమ్ నంబర్, "మైక్రో" అనో "స్మాల్" అనో పెద్ద అక్షరాల్లో వేయండి, మార్చి వచ్చేసరికి వాళ్ళ ఆడిటరే మీ బిల్లు వెతుకుతాడు. ఇది తయారీ, సర్వీసు యూనిట్లకి, కొని అమ్మే ట్రేడర్లకి వర్తించదు. కస్టమర్ టర్నోవర్ 250 కోట్లు దాటిన కంపెనీ అయితే ట్రెడ్స్‌లో, అంటే బిల్లుల మీద ముందే డబ్బు ఇప్పించే ఆన్‌లైన్ వేదికలో, చేరి ఉండాలి, మీ బిల్లుని అక్కడ పెట్టి, వాళ్ళు ఒప్పుకున్నట్టు క్లిక్ చేస్తే బ్యాంకులు వేలంలో పాడుకుని మీకు ముందే డబ్బు ఇస్తాయి, వడ్డీ కాస్త పోతుంది, ఆ బిల్లు మళ్ళీ మీ మీదకి రాదు. ఆర్‌ఎక్స్ఐఎల్, ఎం1ఎక్స్చేంజ్, ఇన్‌వాయిస్‌మార్ట్ ఇవి ఆ పని చేసేవి.

ప్రశ్న: రాజమహేంద్రవరం తాడితోట మార్కెట్‌లో చీరల హోల్‌సేల్ సార్ మాది. హైదరాబాద్ కంపెనీ ఒకటి మాకోసం ప్రత్యేకంగా యాప్ తయారు చేస్తామని ఆరు లక్షలు అడుగుతోంది, ఏడాదికి మెయింటెనెన్స్ వేరే. ఇవ్వొచ్చా?

జవాబు: నన్నడిగితే ఇవ్వొద్దు. చీరల్లో డిజైన్ సూరత్ నుంచి వచ్చి బండిల్ విప్పిన పది రోజుల్లో అయిపోతుంది, మళ్ళీ అదే రాదు. ప్రతిదానికీ ఫోటో తీసి, పేరు పెట్టి, రంగులు ఎక్కించి యాప్‌లో పెట్టేసరికి సరుకు వెళ్ళిపోయి ఉంటుంది. మీ పార్టీలు రోజూ చూసే వాట్సాప్ గ్రూపులో బండిల్ విప్పుతూ వీడియో కాల్‌లో చూపిస్తే అమ్ముడయ్యేంత వేగంగా ఏ యాపూ అమ్మదు. ఆర్డర్ ఎవరు పెట్టారు, ఎవరికి ఏ బండిల్ వెళ్ళింది, లారీ రసీదు నంబరెంత, ఎవరి బాకీ ఎంత, గందరగోళం వచ్చేది అక్కడైతే దానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పార్టీలు వాళ్ళ లెడ్జర్ వాళ్ళే చూసుకునే లింకు పెట్టించండి, జోహో బుక్స్ లాంటి వాటిలో కస్టమర్ పోర్టల్ అనే పేరుతో అది ఉంది.

లేదు, యాప్ ఉంటే పరువుగా ఉంటుందని పిల్లలు పట్టుబడుతున్నారా, అప్పుడు అగ్రిమెంట్‌లో ఇవి రాయించుకోండి. డొమైన్, అంటే సైట్ పేరు, మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో కొనాలి. డెవలపర్ పేరు మీద కొన్నందుకు గొడవ వచ్చిన రోజు సైట్ పేరే పోగొట్టుకున్న వ్యాపారి ఒకాయన మొన్ననే రాశారు, ఆయన విజిటింగ్ కార్డుల మీద, గోనె సంచుల మీద కూడా ఆ పేరే అచ్చయి ఉంది పాపం. సోర్స్ కోడ్, అంటే యాప్ కోసం రాసిన అసలు ప్రోగ్రాం, ప్రతి నెలా మీ ఖాతాలోకి రావాలి. పార్టీల లిస్టు, ఆర్డర్లు, రేట్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు మీరే ఎక్సెల్‌లోకి దింపుకునే బటన్ ఉండాలి, "అడిగితే ఇస్తాం" అంటే ఒప్పుకోవద్దు. డబ్బు నాలుగు విడతలు చేసి, చివరి విడత మాత్రం మీ పార్టీలు నిజంగా ఆర్డర్లు పెట్టి ఒక నెల గడిచాకే.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటాం. ఇండియా నుంచి ఇత్తడి పూజా సామాన్లు, రిటర్న్ గిఫ్టులు తెప్పించి ఇక్కడి ఇండియన్ స్టోర్లకి హోల్‌సేల్‌గా ఇస్తున్నాం, కొందరు ఇంటికి కూడా కొంటారు. ఒకే సైట్‌లో రెండూ నడపొచ్చా?

జవాబు: నడపొచ్చు, మీకైతే షాపిఫై సరిపోతుంది, అక్కడ వాళ్ళ సొంత పేమెంట్ సర్వీసు ఉంది కాబట్టి ఇక్కడి అదనపు ఫీజు తలనొప్పి లేదు. జాగ్రత్త పడాల్సింది సేల్స్ టాక్స్ దగ్గర. స్టోర్ వాళ్ళు తిరిగి అమ్మడానికి కొంటున్నారు కాబట్టి వాళ్ళకి టాక్స్ వేయక్కర్లేదు, కాకపోతే రీసేల్ సర్టిఫికెట్, టెక్సాస్‌లో 01-339 ఫారం, సంతకంతో మీ ఫైల్‌లో ఉండాలి. అది చేతికొచ్చాకే ఆ స్టోర్ ఖాతాని సైట్‌లో టాక్స్ లేని తరగతిలోకి మార్చండి, ముందే మార్చేస్తే రేపు ఆడిట్‌లో ఆ టాక్స్ మీరు కట్టాలి. ఇంటికి కొనేవాళ్ళకి హోల్‌సేల్ రేటు కనిపించనివ్వకండి, శ్రావణ మాసం ముందు మీ స్టోర్ పార్టీలే ఫోన్ చేసి తిడతారు. నెల గడువు ఇచ్చేది రెండు మూడు ఆర్డర్లకి డబ్బు సరిగ్గా వచ్చాక.

ప్రశ్న: కర్నూలు నుంచి. మార్కెట్‌ప్లేస్‌లో షాపులకి సరుకు అమ్ముతున్నాం, ప్రతి సెటిల్‌మెంట్‌లో టీసీఎస్, టీడీఎస్ అని కోస్తున్నారు. ఇది కమీషన్‌లో భాగమా? వెనక్కి వస్తుందా?

జవాబు: కమీషన్ కాదండీ, మీ డబ్బే, మార్కెట్‌ప్లేస్ వాళ్ళు ముందే కోసి మీ పేరు మీద ప్రభుత్వానికి కట్టే పన్ను. జీఎస్టీ కింద కోసే టీసీఎస్ 2024 జూలై 10 నుంచి అర శాతం, అంతకుముందు 1 శాతం ఉండేది. ఆదాయపు పన్ను టీడీఎస్ 2024 అక్టోబర్ నుంచి 0.1 శాతం. పన్ను కాకుండా పది లక్షల సరుకు వెళ్తే టీసీఎస్ 5,000, టీడీఎస్ వెయ్యి దాకా. మీ డబ్బు మార్కెట్‌ప్లేస్ వసూలు చేసి ఇచ్చినప్పుడే ఇవి ఉంటాయి, ఎంక్వయిరీ మాత్రమే ఇచ్చే చోట ఉండవు. టీడీఎస్ మీ పాన్ మీద ఆదాయపు పన్ను పోర్టల్‌లో కనిపిస్తుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు అయిపోతుంది. టీసీఎస్ మాత్రం దానంతటది మీకు పడదు, జీఎస్టీ పోర్టల్‌లో టీడీఎస్, టీసీఎస్ క్రెడిట్ అనే పేజీ తెరిచి, ఒక్కో ఎంట్రీ చూసుకుని యాక్సెప్ట్ కొట్టి ఫైల్ చేస్తేనే క్యాష్ లెడ్జర్‌లోకి, అంటే జీఎస్టీ కట్టడానికి వాడుకునే మీ ఖాతాలోకి వస్తుంది. మీ ఆడిటర్ ఇప్పటిదాకా అది చేశారో లేదో ఈ వారమే అడగండి, చేయకపోతే పాత నెలలవి కూడా అక్కడే ఆగి ఉంటాయి.